తాళం మారింది... మారు చెవి మారిందా?

‘సర్వర్ డౌన్ అయిందండీ, కాసేపాగి రండి.’

ఈ మాట విననివాళ్లు వర్నిలో ఉన్నారా? ధ్రువపత్రం కోసం వెళ్లినప్పుడో, ధాన్యం డబ్బులు ఖాతాలో పడ్డాయో లేదో చూసుకుందామని వెళ్లినప్పుడో ఎప్పుడో ఒకసారి చెవిన పడే ఉంటుంది. వర్నే కాదు, బోధన్, బాన్సువాడ, నిజామాబాద్, హైదరాబాద్... కంప్యూటరున్న ప్రతిచోటా ఇదే మాట. కాసేపటికి సర్వర్ లేస్తుంది. మన పని అయిపోతుంది. ఇంటికొచ్చేస్తాం.

అవతల మాత్రం అసలు పని అప్పుడే మొదలవుతుంది. సర్వర్ లేచింది సరే, అసలెందుకు పడిపోయింది? కారణం తెలియకపోతే రేపు మళ్లీ పడిపోదని నమ్మకమేమిటి? వర్ని చుట్టుపక్కల ఊళ్ల నుంచీ, క్యాంపుల నుంచీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లిన పిల్లలున్న ఇళ్లలో ‘రాత్రంతా నిద్రలేదమ్మా, సర్వర్ పడిపోయింది’ అనే ఫోన్లు కొత్తేమీ కాదు. ఆ రాత్రంతా వాళ్లు వెతికేది ఈ ప్రశ్నకు జవాబే.

ఆ జవాబు దొరకడానికి లినక్స్ కంప్యూటర్లలో ఓ చక్కటి ఏర్పాటుంది. పేరు కేడంప్. దాన్ని ఒకసారి అమర్చి మర్చిపోతే మాత్రం అవసరానికి చేయిస్తుంది. ఆ కథేంటో చూద్దాం.

పడిపోతే ఏం పోతుంది?

లినక్స్ అంటే ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఆపరేటింగ్ సిస్టమ్. ‘మాకెందుకులే’ అనుకోకండి. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోనుంటే దాని లోపల ఉన్నది లినక్స్ కెర్నలే. ప్రపంచంలో అత్యంత వేగంగా పనిచేసే 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచీ ఉన్నవన్నీ లినక్స్‌తో నడిచేవే.

కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ. ప్రాసెసర్, మెమరీ, డిస్కు, నెట్‌వర్క్... అన్నిటినీ నడిపించేది అదే. మామూలు ప్రోగ్రాం ఒకటి చెడిపోతే దాన్ని మూసేసి మళ్లీ తెరుచుకోవచ్చు. కెర్నల్లోనే సరిదిద్దుకోలేని తప్పు జరిగితే? ఇంకా నడిస్తే ఉన్న సమాచారం కూడా పాడవుతుందని అదే ఎక్కడికక్కడ ఆగిపోతుంది. దీన్నే కెర్నల్ ప్యానిక్ అంటారు.

చిక్కంతా ఇక్కడే. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పే సాక్ష్యం మొత్తం ఆ క్షణాన మెమరీలో ఉంటుంది. ఏ ప్రోగ్రాం నడుస్తోంది, ఏ డ్రైవర్ ఏ అంకెను ఎక్కడ రాసింది... అన్నీ అందులోనే. మెషిన్ను ఆపి మళ్లీ ఆన్ చేశారా, అదంతా పోయినట్టే. ప్రమాదం జరిగిన చోటును ఎవరూ చూడకముందే కడిగేసినట్టు!

పోకముందే ఆ మెమరీని యథాతథంగా ఓ ఫైల్లోకి దించుకోవడాన్నే క్రాష్ డంప్ అంటారు. విమానానికి బ్లాక్ బాక్స్ ఎలాగో సర్వర్‌కి ఇది అలాగ.

శంషాబాద్‌లో చేతిరాత పాస్‌లు

2024 జులై 19 గుర్తుందా? ఆ రోజు హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్‌లో తప్పు దొర్లడమే దానికి కారణం. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెరతో కుప్పకూలాయి.

అవి విండోస్ మెషిన్లు, లినక్స్ కాదు. కానీ కారణాన్ని వెతికిన దారి ఒక్కటే. కూలిన కంప్యూటర్ల క్రాష్ డంప్‌లను తెరిచి చూశారు. ఏ డ్రైవరు తనది కాని చోట మెమరీని చదవబోయిందో అందులో తేలింది. 20 అంశాలే ఉంటాయని ఎదురుచూస్తున్న ప్రోగ్రాం లేని 21వ అంశం కోసం వెతకడం ఆ గొడవకు మూలమని తర్వాత సంస్థే తన నివేదికలో చెప్పింది. ఒక్క అంకె తేడా! ఇంత సూక్ష్మమైన తప్పును ఊహించి పట్టుకోవడం ఎవరి తరం? సాక్ష్యం ఉంది కాబట్టి దొరికింది.

స్పృహ తప్పినవాడే వాంగ్మూలం రాయాలా?

లినక్స్‌లో ఈ సాక్ష్యం సేకరించడం మొదట్లో కష్టంగా ఉండేది. ఎల్‌కేసీడీ, నెట్‌డంప్, డిస్క్‌డంప్ అని రకరకాల పద్ధతులు వచ్చాయి. వాటన్నిటిదీ ఒకటే బలహీనత. కూలిపోయిన కెర్నలే తన మెమరీని తానే డిస్కులోకో నెట్‌వర్క్‌లోకో రాయాలి. స్పృహ తప్పినవాడి చేతికి పెన్నిచ్చి ‘ఏం జరిగిందో రాయి’ అన్నట్టు!

దీనికి మందు కనిపెట్టినవాళ్లలో మన దేశంలో పనిచేసిన ఇంజనీర్లున్నారు. ఐబీఎం భారత విభాగానికి చెందిన వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థ, అమెరికాకు చెందిన ఎరిక్ బీడర్‌మన్‌తో కలిసి కేడంప్‌ను రూపొందించారు. 2005లో కెనడా రాజధాని ఒట్టావాలో జరిగిన లినక్స్ సింపోజియంలో దీనిపై పత్రం సమర్పించారు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన లినక్స్ కెర్నల్ 2.6.13లో ఇది భాగమైంది. చిత్రమేంటంటే హైదరాబాద్‌లో 108 అంబులెన్సులు మొదలైందీ ఆ ఆగస్టులోనే!

పోలిక కూడా సరిపోతుంది. రోగిని తన బండి తానే నడుపుకొని ఆసుపత్రికి రమ్మంటే ఎలా? వేరే బండి, వేరే డ్రైవరు సిద్ధంగా ఉండాలి. కేడంప్ చేసేదదే. కంప్యూటర్ ఆన్ కాగానే మెమరీలో కొంత భాగాన్ని పక్కన పెట్టేస్తుంది. అందులో మరో చిన్న కెర్నల్‌ను ముందే ఎక్కించి ఉంచుతుంది. రోజులూ నెలలూ అది ఊరికే కూర్చుంటుంది. పెద్ద కెర్నల్ కూలిపోగానే కంప్యూటర్ ఆఫ్ కాకుండానే పగ్గాలు చిన్న కెర్నల్ చేతికి వస్తాయి. పాత మెమరీ చెరిగిపోకుండా అలాగే ఉంటుంది కాబట్టి అది తీరిగ్గా చదివి, ఫైలుగా దాచి, ఆ తర్వాత మెషిన్ను రీబూట్ చేస్తుంది.

ఆ పక్కన పెట్టే మెమరీ ఎక్కువేం కాదు. ఉదాహరణకు రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9లో మామూలు ఇంటెల్ తరహా సర్వర్‌కి 4 జీబీ నుంచి 64 జీబీ వరకూ మెమరీ ఉంటే 256 ఎంబీ, అంతకు మించితే 512 ఎంబీ. దాచేటప్పుడు కూడా తెలివి చూపిస్తుంది. మేక్‌డంప్‌ఫైల్ అనే పనిముట్టు అక్కర్లేని పేజీలను వదిలేసి మిగతాది కుదించి రాస్తుంది. వదిలేయాల్సిన ఐదు రకాలకు 1, 2, 4, 8, 16 అని అంకెలిచ్చారు. అన్నీ వదిలేయాలంటే వాటి మొత్తం రాయాలి... 31. రెడ్‌హ్యాట్ సర్వర్ల సెట్టింగుల్లో ఈ 31 కనిపించేది అందుకే.

చిన్న మూట... పెద్ద మెలిక

చిన్న కెర్నల్ ఒక్కటే ఉంటే చాలదు. దాని వెంట పనిముట్ల మూట కూడా ఉండాలి. డిస్కును గుర్తుపట్టే డ్రైవరు, ఫైల్ సిస్టమ్‌ను తెరిచే మాడ్యూలు, డంప్‌ను ఎక్కడ దాచాలో చెప్పే చిరునామా, మేక్‌డంప్‌ఫైల్ ప్రోగ్రాము... ఇవన్నీ కట్టిన మూటే కేడంప్ బూట్ ఇమేజ్. సాంకేతిక భాషలో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్.

చోటు తక్కువ కాబట్టి మూట తేలిగ్గా ఉండాలి. అందుకని ప్రపంచంలో ఉన్న డ్రైవర్లన్నీ అందులో కుక్కరు. ఈ మెషిన్‌కి, ఈ డిస్కుకి, ఈ చిరునామాకి సరిపడేవి మాత్రమే పెడతారు. కొలతలు తీసి కుట్టించిన చొక్కాలాంటిదన్నమాట. మరి కొలతలు మారితే?

మారు తాళంచెవి సంగతే తీసుకోండి. ఊరెళ్తూ ఒక చెవిని నమ్మకంగా పక్కింట్లో ఇచ్చి వెళ్తాం. కొన్నాళ్లకు పాత తాళం తుప్పుపట్టిందని కొత్తది కొన్నాం. మన జేబులోకి కొత్త చెవి వచ్చింది. పక్కింట్లో మాత్రం పాతదే ఉంది! ఏ గొడవా లేనంత కాలం ఆ సంగతి ఎవరికీ తట్టదు. మనం ఊళ్లో లేనప్పుడు ఇంట్లోంచి పొగ వస్తే పక్కింటాయన పరుగున వెళ్లి చెవి పెడతాడు. అది తిరగదు.

సర్వర్లో జరిగేదీ ఇదే. డంప్ దాచే డిస్కును మార్చారు. లేదా స్టోరేజీని వేరే కార్డుకు కలిపారు. లేదా డంప్‌లను నెట్‌వర్క్‌లో ఇంకో మెషిన్‌కి పంపాలని నిర్ణయించారు. నడుస్తున్న సిస్టమ్‌కు ఇవన్నీ తెలుసు. పక్కన కూర్చున్న చిన్న కెర్నల్ మూటలో మాత్రం పాత డ్రైవరు, పాత చిరునామా. అసలు సిస్టమ్ కూలిన రోజున చిన్న కెర్నల్ లేచి డిస్కు కోసం వెతుకుతుంది. దొరకదు. చేసేది లేక మెషిన్ను రీబూట్ చేసేస్తుంది. సాక్ష్యం గోవిందా! ఉదయం ఇంజనీర్లు వచ్చి చూస్తే ఖాళీ డైరెక్టరీ.

మళ్లీ ఎప్పుడు కట్టాలి?

ఈ మూటను మళ్లీ కట్టడాన్ని రీబిల్డ్ అంటారు. ఎప్పుడు కట్టాలన్నది మన చేతుల్లోనే ఉంది. రెడ్‌హ్యాట్ కుటుంబానికి చెందిన లినక్స్‌లలో ఈటీసీ డైరెక్టరీలో కేడంప్.కాన్ఫ్ అనే ఫైలు ఉంటుంది. అందులో మూడు దారులున్నాయి.

మొదటిది, మనమేమీ రాయకపోవడం. అప్పుడు కేడంప్ సర్వీసు మొదలైన ప్రతిసారీ ఒక తనిఖీ చేస్తుంది. మూట అసలుందా? కట్టిన తర్వాత సెట్టింగుల ఫైలు మారిందా? కెర్నల్ మారిందా? డంప్ దాచే డిస్కు, ఫైల్ సిస్టమ్ మారాయా? మారితే మళ్లీ కడుతుంది. లేకపోతే ఉన్నదాన్నే వాడుతుంది. అంటే తాళం మారినప్పుడే కొత్త చెవి. చాలామందికి ఇదే మంచిది. కెర్నల్ అప్‌డేట్ తర్వాత తొలిసారి ఆన్ చేసినప్పుడు కాస్త ఆలస్యమైతే కంగారు పడక్కర్లేదు. మూట కడుతోందన్నమాట.

రెండోది, ‘ఫోర్స్ రీబిల్డ్’కి ఎదురుగా 1 అని రాయడం. అప్పుడు మార్పు ఉన్నా లేకపోయినా సర్వీసు మొదలైన ప్రతిసారీ కొత్త మూటే. రోజూ పొద్దున్నే కొత్త చెవి చేయించినట్టు. హార్డ్‌వేర్‌నూ డ్రైవర్లనూ తరచూ మార్చే ప్రయోగశాలల్లో ఇది పనికొస్తుంది. మామూలు తనిఖీ కొన్ని ఫైళ్లనూ కొన్ని వివరాలనూ మాత్రమే చూస్తుంది కాబట్టి, దాని కంటికి ఆనని మార్పులు చేసేవారికి ఇది ధైర్యం. అయితే ప్రతి బూట్‌కీ అదనపు సమయం పడుతుంది. బూట్ విభాగంలో చోటు నిండిపోయి ఉంటే మూట కట్టడమే కుదరదు.

మూడోది, ‘ఫోర్స్ నో రీబిల్డ్’కి ఎదురుగా 1 రాయడం. ఏం మారినా సరే, మూట జోలికి పోవద్దని ఆజ్ఞ. ఇదెవరికి? ఒకే అచ్చులో పోసినట్టుండే వందలాది సర్వర్లకు మూటను ముందే తయారుచేసి, పరీక్షించి, అన్నిటికీ అదే పంచేవాళ్లకు. వాళ్లకు బూట్ సమయంలో ప్రతి సెకనూ ముఖ్యం, ఎక్కడా తేడా రాకూడదు. దానికి బదులుగా బాధ్యత మొత్తం మనిషి నెత్తిన పడుతుంది. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని మార్చకపోతే ఆ మూట పాతబడుతూనే ఉంటుంది.

రెండో మాటకూ మూడో మాటకూ ఒకేసారి 1 అని రాయకూడదు. ‘తప్పకుండా కట్టు, అస్సలు కట్టకు’ అని ఏకకాలంలో చెబితే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

ఏడాదిగా ఆగని సర్వర్‌తోనే భయం

మొదటి దారిలోనూ ఒక సందు ఉంది. చాలామంది పడేది అందులోనే. తనిఖీ జరిగేది కేడంప్ సర్వీసు మొదలైనప్పుడు మాత్రమే. రాత్రీపగలూ కాపలా కాసి, మార్పు కనిపించగానే మూట కట్టేయదు.

మంచి సర్వర్లు నెలల తరబడి ఆగకుండా నడుస్తాయి. ‘మా మెషిన్ ఏడాదిగా రీబూట్ అవలేదు’ అని గర్వంగా చెప్పుకునేవారూ ఉన్నారు. ఆ ఏడాది మధ్యలో ఎవరో సెట్టింగుల ఫైల్లో డంప్ చిరునామా మార్చి, సేవ్ చేసి, చేతులు దులుపుకుని వెళ్లిపోయారనుకోండి. ఫైల్లో కొత్త చిరునామా కనిపిస్తుంది. చూసినవాళ్లంతా ‘బాగానే ఉందిగా’ అనుకుంటారు. మెమరీలో కూర్చున్న మూటలో మాత్రం పాత చిరునామాయే. సర్వీసును మళ్లీ మొదలుపెట్టేదాకా ఆ మార్పు కాగితం మీది మాటే.

మందు చాలా చిన్నది. మార్పు చేసిన వెంటనే కేడంప్ సర్వీసును రీస్టార్ట్ చేయాలి. దీనికి సర్వర్‌ను ఆపక్కర్లేదు, వాడుకునేవారికి ఆటంకం ఉండదు. మార్పు దాని కంటికి కనిపించేది కాదనిపిస్తే ‘కేడంప్‌సీటీఎల్ రీబిల్డ్’ అనే ఆదేశంతో చేత్తో కట్టించి, ఆ తర్వాత రీస్టార్ట్ చేయాలి. మూట కట్టడం వేరు, దాన్ని పక్కన పెట్టిన మెమరీలోకి ఎక్కించడం వేరు. కొత్త చెవి చేయించి మన బల్ల సొరుగులోనే పెట్టుకుంటే పక్కింటికి చేరదు కదా!

సీజన్ రాకముందే చూసుకోవాలి

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అని మనవాళ్లు ఊరికే అనలేదు. చెరకు పండించే బోధన్ ప్రాంతానికి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. చక్కెర మిల్లులో రోలర్లూ బాయిలర్లూ విప్పి చూసేది గానుగ ఆగి ఉన్న నెలల్లోనే. చెరకు బళ్లు గేటు ముందు బారులు తీరాక కాదు. నిజాంసాగర్ కాలువలో పూడిక తీసేదీ నీళ్లు వదలకముందే.

కేడంప్‌కీ అంతే. అది పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి తిరుగులేని దారి ఒక్కటే... కావాలని సర్వర్‌ను కూల్చి చూడటం. సిస్‌ఆర్‌క్యూ అనే మీటకు ‘సీ’ అనే అక్షరం పంపితే కెర్నల్ అక్కడికక్కడే కూలుతుంది. నిజంగానే కూలుతుంది, నడుస్తున్న పనులన్నీ పోతాయి. అందుకే జనం వాడుతున్న సర్వర్ మీద సరదాకి చేసే పని కాదిది. ముందే చెప్పి, సేవలు ఆపి, తీరిక వేళలో చేయాలి. సర్వర్ లేచాక డంప్ ఫైలు పడిందా, క్రాష్ అనే విశ్లేషణ ప్రోగ్రాంతో తెరిస్తే తెరుచుకుంటోందా చూడాలి. తెరుచుకుంటేనే ఏర్పాటు ఉన్నట్టు. లేకపోతే ఉందనుకున్నట్టు.

చదువుకునే పిల్లలు ఇంట్లో కంప్యూటర్ మీద ఒక వర్చువల్ మెషిన్ పెట్టుకుని ఇదంతా చేసి చూడొచ్చు. దాన్ని వందసార్లు కూల్చినా ఎవరికీ నష్టం లేదు. లినక్స్ ఉచితమే కాబట్టి ఖర్చూ లేదు. ఒక కెర్నల్ కూలడం, మరో కెర్నల్ లేచి దాని జ్ఞాపకాలను భద్రపరచడం కళ్లారా చూస్తే ఆపరేటింగ్ సిస్టమ్ పాఠం పుస్తకంలో కన్నా బాగా ఒంటబడుతుంది.

ఇవి గుర్తుంచుకోండి

* డిస్కు, డంప్ చిరునామా, కేడంప్ సెట్టింగులు... వీటిలో ఏది మార్చినా ఆ రోజే కేడంప్ సర్వీసును రీస్టార్ట్ చేయండి.

* బూట్ విభాగంలో ఖాళీ ఉందో లేదో చూసుకోండి. పాత కెర్నళ్లు పేరుకుపోతే కొత్త మూటకు చోటుండదు.

* ‘ఫోర్స్ నో రీబిల్డ్’ పెట్టుకుంటే, మూట ఎవరు ఎప్పుడు మార్చాలో ఒక మనిషి పేరు మీద రాసి పెట్టుకోండి.

* పెద్ద మార్పు జరిగిన ప్రతిసారీ, తీరిక వేళ చూసుకుని ఒకసారి కూల్చి పరీక్షించండి.

* డంప్ ఫైల్లో పాస్‌వర్డులూ, ఖాతాదారుల వివరాలూ ఉండే అవకాశముంది. ఎవరికి పడితే వారికి పంపొద్దు. పని అయ్యాక తీసేయండి.

కంప్యూటర్ల జోలికే పోనివారికీ ఇందులో ఒక సంగతుంది. ఫోన్ నంబరు మార్చి బ్యాంకులో పాతదే ఉంచేస్తే ఓటీపీ ఎవరికి వెళ్తుంది? ఇల్లు మారి పిల్లల బడిలో పాత చిరునామాయే వదిలేస్తే కబురు ఎక్కడికి చేరుతుంది? బీమా పాలసీలో నామినీ పేరు ఇరవయ్యేళ్ల కిందటిది కాదు కదా? ఆపద కోసం చేసుకున్న ఏర్పాటు ఏదైనా, చేసిన రోజున సరిగ్గానే ఉంటుంది. ఆ తర్వాత మారేది మన జీవితం. ఈ ఆదివారం ఓ అరగంట తీరిక చేసుకుని అలాంటి పాత చెవులు ఇంట్లో ఎన్నున్నాయో లెక్కపెట్టి చూడండి.